పది రూపాయల సర్ఫు ప్యాకెట్టును బ్రాండుగా నిలబెట్టాలంటే

తెలుగునాట బట్టలుతికే పొడికి విడిగా పేరు లేదు. ఏ కంపెనీది కొన్నా అది "సర్ఫే". 1959లో హిందుస్థాన్ లీవర్ ఆ పేరుతో పొడి తెచ్చింది. అరవై ఏళ్లు దాటినా కిరాణా కొట్టు ముందు నిలబడినావిడ "ఒక సర్ఫు ప్యాకెట్టు ఇవ్వండి" అనే అడుగుతుంది. కొట్టాయన చేతికందిన ప్యాకెట్టు తీసిస్తాడు. కొత్తగా పొడి చేసేవాళ్లు మార్చాల్సింది ఆ మాటనే. ఆవిడ నోట మీ పేరు రావాలి, అదీ రెండోసారి వచ్చినప్పుడు.

ఆ "రెండోసారి" అన్నదే ఈ వ్యాపారానికి ఇరుసు. మొదటి ప్యాకెట్టును స్కీముతోనో, ఉచితంతోనో, మొహమాటంతోనో ఎలాగైనా అమ్మేయొచ్చు. రెండోదాన్ని పొడి, ధర, కొట్టులో దొరకడం, ఈ మూడే అమ్మాలి. కింద చెప్పే ప్రతి మెట్టూ ఆ రెండో ప్యాకెట్టు కోసమే. ఉదాహరణకు బట్టల పొడిని తీసుకున్నాం. గిన్నెల సబ్బుకూ, ఫినాయిలుకూ దారి ఇదే, రసాయనాలు వేరు.

మొదటి మెట్టు: ఖాళీ ఎక్కడుందో చూడడం

"మా పొడి బాగుంటుంది" అన్నది ఖాళీ కాదు. ఎవరి ఇంట్లో, ఏ నీళ్లతో, దేని బదులు వాడతారో చెప్పగలిగితే అది ఖాళీ. అహ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ 1969లో నిర్మా మొదలుపెట్టినప్పుడు సర్ఫ్ ధరలో మూడోవంతు కూడా లేని ధరకు అమ్మారు. సర్ఫ్ కొనేవాళ్లను లాక్కోవడం కన్నా, అప్పటిదాకా పొడి కొనలేక సబ్బు బిళ్ళతోనే ఉతికేవాళ్లను పొడికి తెచ్చారు. ఇవాళ ఆ ఖాళీ లేదు. చవక పొడి ప్రతి కొట్టులోనూ ఉంది. 

మన దగ్గర మిగిలిన ఖాళీల్లో పెద్దది నీళ్లు. బోరు నీళ్లు వాడే చాలా ఊళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. అక్కడ చవక పొడి నురగ రాదు, బట్ట గరుకుగా ఆరుతుంది, తెల్ల చొక్కా నాలుగు ఉతుకుల్లో బూడిదరంగుకు తిరుగుతుంది. కాబట్టి రాసుకోవాల్సిన వాక్యం ఇలా ఉండాలి: "బోరు నీళ్లతో బకెట్లో నానబెట్టి చేత్తో ఉతికే ఇంటికి, నురగొచ్చే, చేతులు మండని పది రూపాయల పొడి." ఈ వాక్యంలో ఇమడనిది ఏదీ తరవాత ప్యాకెట్టు మీదకూ రాకూడదు, గోడ మీదకూ రాకూడదు. పల్లెలూ, బస్తీలూ, అపార్టుమెంట్లూ, ఫ్రంట్‌లోడ్ మెషీన్లూ అన్నీ కావాలనుకుంటే ఆ పొడి ఎవరిదీ కాదు. పైగా చేతి ఉతుకుకు చేసిన పొడి నురగ ఎక్కువై ఫ్రంట్‌లోడ్ మెషీనును ఇబ్బంది పెడుతుంది.

రెండో మెట్టు: పొడి

సొంత ఫ్యాక్టరీ పెట్టినా, వేరేవాళ్ల దగ్గర చేయించుకున్నా, లోపల ఏముందో తెలియకుండా బ్రాండు నడపలేరు. 100 కిలోల పొడికి మధ్యరకం పాళ్లు దాదాపు ఇలా ఉంటాయి:

- యాసిడ్ స్లర్రీ (96 శాతం): 12 కిలోలు
- లైట్ సోడా యాష్: 38 కిలోలు
- సోడియం సల్ఫేట్: 30 కిలోలు
- లిక్విడ్ సోడియం సిలికేట్: 6 కిలోలు
- ఉప్పు: 6 కిలోలు
- జియోలైట్: 5 కిలోలు
- సీఎంసీ (కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్): 1 కిలో
- రంగు రవ్వలు: 1 కిలో
- సెంటు: 250 గ్రాములు
- టినోపాల్ రకం తెలుపు రసాయనం: 100 గ్రాములు
- మిగతాది నీళ్లు

మురికిని వదిలించేది స్లర్రీ. 12 కిలోల స్లర్రీలో ఆమ్లగుణం పోవడానికి దాదాపు 2 కిలోల సోడా చాలు. మిగిలిన 36 కిలోలు నూనె మరకలతో, గట్టి నీళ్లతో పోరాడడానికి. నీళ్లలోని కాల్షియాన్ని పట్టేయడానికి జియోలైట్ ఉంది, వదిలిన మురికి మళ్లీ బట్టకు అంటకుండా సీఎంసీ ఉంది. ఖర్చు తగ్గించాలనుకోగానే అందరి చేయీ ముందు ఈ రెండింటి మీదే పడుతుంది, ఎందుకంటే మొదటి ఉతుకులో తేడా కనబడదు. నాలుగో ఉతుకులో కనబడుతుంది. ఇంకొందరు సల్ఫేట్ తీసి డోలమైట్ పొడి కలుపుతారు. అది కరగదు, బకెట్ అడుగున తెల్ల బురదలా దిగుతుంది, నల్ల ప్యాంటు మీద పొరలా మిగులుతుంది. బరువు కోసం ఉప్పు పెంచినా వర్షాకాలంలో పొడి చెమ్మ పీల్చి గడ్డకడుతుంది. కాకినాడ, విశాఖ లాంటి తీరపు ఊళ్లలో అమ్మదలిస్తే ఇది ముందే చూసుకోవాలి.

కలపడంలో వరస ముఖ్యం. రిబ్బన్ బ్లెండర్‌లో ముందు సోడా యాష్, సల్ఫేట్, ఉప్పు వేసి తిప్పాలి. తిరుగుతుండగానే స్లర్రీని సన్నటి ధారగా పోయాలి. ఒక్కసారిగా గుమ్మరిస్తే పైన సోడా పట్టి లోపల పచ్చి ఆమ్లం మిగిలిన ఉండలవుతాయి. ఆ ఉండ రేపు ఎవరి అరచేతిలోనో కరుగుతుంది, "చేతులు మండాయి" అన్న ఫిర్యాదు చాలాసార్లు అక్కడ పుట్టిందే. స్లర్రీ పోసేవాళ్లకు కళ్లద్దాలు, రబ్బరు చేతొడుగులు, సోడా దుమ్ముకు ముక్కుగుడ్డ తప్పనిసరి. తరవాత సిలికేట్, జియోలైట్, సీఎంసీ వేసి ఇంకో 15 నిమిషాలు తిప్పి, దించి, నేల మీద పలచగా పరచాలి.

ఆ రాత్రంతా పొడిని వదిలేయాలి. స్లర్రీ, సోడా కలిసినప్పుడు వేడి పుడుతుంది, కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఆ చర్య గంటల తరబడి సాగుతుంది. తొందరపడి సాయంత్రమే ప్యాక్ చేస్తే ప్యాకెట్లు ఉబ్బుతాయి, లోపల పొడి రాయవుతుంది. మర్నాడు జల్లించి, చల్లారిన పొడికే సెంటు, తెలుపు రసాయనం, రంగు రవ్వలు కలపాలి. వేడిమీద కలిపిన సెంటు ఫ్యాక్టరీలోనే గుబాళించి పోతుంది, ఇంటికి చేరదు. సెంటును చిన్నవిషయం అనుకోకండి. ప్యాకెట్టు కత్తిరించగానే వచ్చే ఆ వాసనే జనానికి మీ సంతకం. పొడి ఏమీ మారకపోయినా, సరఫరాదారును మార్చి సెంటు కాస్త తేడా వస్తే "డూప్లికేట్ వస్తోంది" అంటారు.

ప్రతి బ్యాచ్‌కూ మూడు పరీక్షలు సరిపోతాయి. ఒక శాతం ద్రావణం పీహెచ్ 10, 11 మధ్య ఉందా? కొలత గ్లాసులో పొడి పోసి తూస్తే మిల్లీలీటరుకు ఎన్ని గ్రాములు? మీరు అమ్మబోయే ఊరి బోరు నీళ్లలో నురగ ఎంతసేపు నిలిచింది? మినరల్ వాటర్‌తో చేసిన పరీక్షతో లాభం లేదు. ఇంటి పొడులకు ఐఎస్ 4955 అన్న భారతీయ ప్రమాణం ఉంది, ఆ కొలతలు దగ్గర పెట్టుకోండి.

నురగకూ శుభ్రతకూ నేరుగా సంబంధం లేదని రసాయన శాస్త్రం చెబుతుంది. బకెట్ ముందు కూర్చున్నావిడ ఆ మాట ఒప్పుకోదు. ఆవిడ చెప్పిందే లెక్క.

మూడో మెట్టు: పేరు దాచి పరీక్ష

బంధువులకిచ్చి "ఎలా ఉంది?" అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. అలా కాకుండా తెలియని 100 ఇళ్లు ఎంచుకోండి. మీ పొడి ఒకటి, ఆ వీధిలో ఎక్కువ అమ్ముడయ్యే పొడి ఒకటి, రెండూ ఒకే రకం తెల్ల కవర్లలో వేయండి. ఒకటి, రెండు అని అంకెలు వేయకండి, ఒకటే మేలైనదని మనసు చెబుతుంది. ఒకదాని మీద చక్రం, ఇంకోదాని మీద ఆకు గుర్తు చాలు. సగం ఇళ్లకు ముందు మీది, మిగతా సగానికి ముందు వాళ్లది, వారం చొప్పున వాడమనండి. ఆఖర్న ఒకటే ప్రశ్న: "రెండూ పది రూపాయలే అయితే ఏది తెచ్చుకుంటారు?"

100లో 55 మంది మీది అంటే సంబరపడకండి. నాణెం ఎగరేసినా అన్ని రావచ్చు. 60 దాటితే నమ్మొచ్చు. 50 లోపైతే వెనక్కి వెళ్లి పొడి మార్చాలి, ప్రకటన ఎంత బాగున్నా దాన్ని కాపాడదు. కాన్పూరు ఘడీ డిటర్జెంట్ వాళ్లు "ముందు వాడండి, తర్వాత నమ్మండి" అన్న అర్థమొచ్చే హిందీ మాటనే తమ నినాదం చేసుకున్నారు. ఆ మాట అనే ముందు ఈ పరీక్ష దాటి ఉండాలి.

నాలుగో మెట్టు: ధరను వెనక నుంచి లెక్కకట్టడం

కొత్తవాళ్లు ఎక్కువగా మునిగేది ఇక్కడే. తయారీ ఖర్చు వేసి, పైన లాభం వేసి, ధర తేలుస్తారు. ఈ వ్యాపారంలో ధర ముందే ఖరారై ఉంటుంది: 5, 10, 20. తేల్చాల్సింది ప్యాకెట్టులో ఎన్ని గ్రాములు పోయగలరన్నది. కింది అంకెలు ఉదాహరణకు వేసినవి, మీ అంకెలు పెట్టి ఇదే వరసలో చేయండి.

ఎమ్మార్పీ 10 రూపాయలు. కొట్టాయనకు కొనుగోలు ధర మీద 15 శాతం ఇస్తే ఆయన 8.70కి కొంటాడు. పెద్ద కంపెనీల సరుకు మీద ఇంతకన్నా తక్కువకే సరిపెట్టుకుంటాడు, ఎందుకంటే అది దానంతటదే కదిలిపోతుంది. పేరు లేని సరుకుకు ఎక్కువ అడుగుతాడు, న్యాయమే. డిస్ట్రిబ్యూటరుకు 6 శాతం తీస్తే మీ బిల్లు 8.20. అందులో 18 శాతం జీఎస్టీ తీసేస్తే 6.95. డజనుకు ఒకటి ఉచితం అన్న స్కీము పెట్టారా? 13 ఇచ్చి 12కి డబ్బు తీసుకుంటున్నారు, అంటే 6.42. రవాణా 30 పైసలు, పాడైన సరుకు వాపసు 10 పైసలు, సేల్స్ మనుషుల ఖర్చు 70 పైసలు, ప్రచారం 50 పైసలు తీసేస్తే 4.82. మీ లాభం 50 పైసలు పక్కన పెడితే 4.32. కవరు, ప్యాకింగ్ కూలీ, పెద్ద సంచి కలిపి 90 పైసలు పోతే పొడికి మిగిలింది 3.42. పొడి కిలో 38 రూపాయలు పడుతుంటే, పోయగలిగింది 90 గ్రాములు.

పది రూపాయల ప్యాకెట్టులో పొడి వాటా మూడున్నర రూపాయలు కూడా లేదని చూసి గుండె జారినా, లెక్క ఇదే. ముడిసరుకు పెరిగి పొడి కిలో 42 అయితే ఆ 3.42తో 81 గ్రాములే వస్తాయి. ధర కదలదు, బరువు తగ్గుతుంది. అప్పుడు కవరు పొడవు కూడా తగ్గించాలి. పాత కవరులో తక్కువ పొడి పోస్తే ప్యాకెట్టు వదులుగా వేలాడుతుంది, చేతిలోకి తీసుకోగానే మోసపోయినట్టనిపిస్తుంది. గ్రాముకు ఎంతో ప్యాకెట్టు మీద ముద్రించాలన్న నియమం కూడా ఉంది, 90 గ్రాముల ప్యాకెట్టు మీద అది 11 పైసలు.

ఇంకో కిటుకు. కిలో ప్యాకెట్టు పెట్టేటప్పుడు దాని గ్రాము ధర చిన్న ప్యాకెట్టుతో పోల్చి చూడండి. చిన్నవే చవకైతే పెద్దది అరలో దుమ్ము పట్టి ఉండిపోతుంది.

అయిదో మెట్టు: పేరు, కవరు

తెలుగు అజంత భాష, మాట అచ్చుతో ముగిస్తేనే నోటికి హాయి. నిర్మా, ఉజాలా అనడానికి తడుముకోనక్కర్లేదు. హల్లుతో ముగిసే పేరు పెడితే జనమే దానికి "ఉ" తగిలిస్తారు, రిన్ను అన్నట్టు. మూడు అక్షరాల లోపు ఉంటే మేలు. రద్దీగా ఉన్న కొట్టు ముందు నిలబడి ఆ పేరు ఒక్కసారి పలకండి. కొట్టాయన "ఏంటీ?" అని రెట్టించి అడిగితే ఆ పేరు వదిలేయండి.

కాగితం మీద బాగున్న పేరు కవరు మీద చచ్చిపోవడమూ ఉంది. వెడల్పు 9 సెంటీమీటర్ల కవరు మీద వత్తులు, గుడిదీర్ఘాలు ముద్రణలో నిండిపోయి మచ్చల్లా కనబడతాయి. "స్వచ్ఛ" అన్న మాటను చిన్న అక్షరాల్లో అచ్చువేసి మూడు గజాల దూరం నుంచి చదవండి, సంగతి తెలుస్తుంది. వత్తుల్లేని పేరు, ఒకే ముదురు నేపథ్యం, దాని మీద తెల్ల లేదా పసుపు అక్షరాలు. చదువురానివాళ్లు రంగుతోనే అడుగుతారు, "ఆ నీలం ప్యాకెట్టు" అని. మీ వీధిలో నీలం ఇప్పటికే ఎవరిదైనా అయితే, ఆ రంగుకు మీరు పెట్టే ప్రచారం వాళ్ల ఖాతాలో పడుతుంది.

వైట్, ప్యూర్, క్లీన్ లాంటి గుణం చెప్పే మాటలకు ట్రేడ్‌మార్కు దొరకడం కష్టం. శుభ్రపరిచే సరుకులు మూడో తరగతిలోకి వస్తాయి. ముందు ట్రేడ్‌మార్క్ వెబ్‌సైటులో అక్షరాలతోనే కాక ఉచ్చారణతో కూడా వెతకాలి. వ్యక్తులకూ చిన్న సంస్థలకూ ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము ఒక తరగతికి 4,500 రూపాయలు, మిగతావాళ్లకు 9,000. రెండు తెలుగు రాష్ట్రాల దరఖాస్తులూ చెన్నై కార్యాలయానికి వెళ్తాయి. జర్నల్‌లో ప్రచురించాక అభ్యంతరాలకు నాలుగు నెలలు గడువు, రిజిస్ట్రేషన్ వస్తే పదేళ్లు చెల్లుతుంది. సిలిండర్లు చెక్కించడానికి ముందే దరఖాస్తు వేయండి, తరవాత కాదు.

సిలిండర్లంటే, ఈ కవర్ల ముద్రణలో ఒక్కో రంగుకు ఒక్కో సిలిండర్ చెక్కాలి. ఎనిమిది రంగుల బొమ్మ వేయిస్తే ఎనిమిదింటికి డబ్బు కట్టాలి, నాలుగుతో సరిపెట్టుకోవచ్చు. ధర, తేదీ, బ్యాచ్ నంబరు సిలిండర్‌లో చెక్కించకండి. వాటికి తెల్ల గడి వదిలి ఇంక్‌జెట్‌తో కొట్టించండి. బరువు మార్చిన రోజున ఈ జాగ్రత్త విలువ తెలుస్తుంది. కవరుకు 12 మైక్రాన్ల పాలిస్టర్, దానికి 40 మైక్రాన్ల పాలిథిన్ అతికించిన పొర సాధారణంగా సరిపోతుంది.

ప్యాకింగ్ మెషీను దగ్గర రెండు పీడలున్నాయి. ఒకటి, అతుకు పడే చోట పొడి దుమ్ము చేరడం. అతుకు పడ్డట్టే కనబడుతుంది, లారీలో నలిగేసరికి కారుతుంది. గంటకోసారి పది ప్యాకెట్లను నడుము ఎత్తు నుంచి వదలండి, ఒక్కటి పిగిలినా మెషీను ఆపి అతుకు పట్టీలు తుడవండి. రెండోది ఇంకా ప్రమాదం. చవక మెషీన్లు పొడిని తూయవు, కప్పుతో కొలుస్తాయి. మిల్లీలీటరుకు 0.60 గ్రాముల పొడికి 152 మిల్లీలీటర్ల కప్పు బిగిస్తే 91 గ్రాములు పడతాయి. మర్నాటి బ్యాచ్ కాస్త గుల్లగా వచ్చి 0.55 అయిందనుకోండి, అదే కప్పులో 84 గ్రాములే. 90 గ్రాముల ప్యాకెట్టుకు తూనికల చట్టం ఒప్పుకునే తేడా 4.5 గ్రాములు. సగటు మాత్రం 90కి తగ్గకూడదు. ఎవరూ మోసం చేయాలనుకోలేదు, అయినా కేసు పడుతుంది. అందుకే రెండో మెట్టులో గ్లాసు పెట్టి తూయమన్నది.

కాగితాలు, క్లుప్తంగా

జీఎస్టీ, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల నమోదు), కాలుష్య నియంత్రణ మండలి అనుమతి. ప్యాకెట్లు చేసేవాళ్లుగా తూనికలు కొలతల శాఖలో నమోదు, పని మొదలైన 90 రోజుల్లోపు. ప్యాకెట్టు మీద తయారీదారు పేరు, చిరునామా, సరుకు పేరు, నికర బరువు, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, గ్రాము ధర, ఫిర్యాదుల ఫోను, ఈమెయిలు ఉండాలి. వేరేచోట చేయిస్తుంటే ఎవరు చేశారో, ఎవరి కోసం చేశారో రెండూ రాయాలి. ప్లాస్టిక్ కవర్ల వ్యర్థాలకు బ్రాండు యజమాని బాధ్యత గురించిన నిబంధనలు సంస్థ పరిమాణాన్ని బట్టి మారతాయి, ఆడిటరుతో కాక కాలుష్య మండలి పని తెలిసిన మనిషితో మాట్లాడండి. సూపర్‌మార్కెట్లకు ఇవ్వాలంటే 890తో మొదలయ్యే బార్‌కోడ్ జీఎస్1 ఇండియా నుంచి తీసుకోవాలి.

ఆరో మెట్టు: ఒక్క ఊరు, ఒక్క డిస్ట్రిబ్యూటరు

"రెండు రాష్ట్రాల్లో లాంచ్" అన్న మాట వినడానికి బాగుంటుంది. డబ్బు మాత్రం ఒక్క ఊళ్లో పెట్టండి. తెనాలి, సూర్యాపేట అంతటి ఊరు చాలు. ఒక సేల్స్‌మన్ రోజుకు 40 కొట్లు తిరగగలడు, ఆరు రోజులకు 240. ప్రతి కొట్టుకూ వారంలో ఒకే రోజు, ఒకే వేళ వెళ్లాలి. మంగళవారం పొద్దున వస్తాడని కొట్టాయనకు అలవాటైతే డబ్బు పక్కన పెట్టి ఉంచుతాడు. అలవాటు తప్పితే ఆ డబ్బు ఇంకో కంపెనీ కుర్రాడికి వెళ్లిపోతుంది.

డిస్ట్రిబ్యూటరును ఎంచేటప్పుడు ఆయన గోడౌను కన్నా ఆయన లెక్క చూడండి. కొట్టుకు వారానికి డజను చొప్పున 240 కొట్లలో అమ్మితే నెలకు దాదాపు 12,500 ప్యాకెట్లు, మీ బిల్లు లక్ష రూపాయల పైచిలుకు. 6 శాతం మీద ఆయనకు 6,000. ఆటో, కుర్రాడి ఖర్చులో మీ సరుకు వాటా 3,000 పోతే మిగిలింది 3,000. దీనికి పదిహేను రోజుల సరుకు 50,000, కొట్లలో ఉద్దెర 40,000, మొత్తం 90,000 ఇరుక్కుని ఉంటుంది. అంటే నెలకు నూటికి మూడు రూపాయల చిల్లర. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి అప్పు తీసుకునేవాళ్లు దొరుకుతారు. మీ సరుకు మీద రాబడి ఆ రెండుకు దిగిందంటే ఆయన మీ ఫోను ఎత్తడు. తప్పు ఆయనది కాదు.

ఇప్పుడు మీ వైపు లెక్క. ప్యాకెట్టుకు 70 పైసలు చొప్పున 12,500 ప్యాకెట్ల మీద సేల్స్ ఖర్చుకు 8,750 వస్తుంది. సేల్స్‌మన్‌కు అన్నీ కలిపి 15,000 అవుతుందనుకుంటే, కొట్టుకు వారానికి 20 ప్యాకెట్లు దాటేదాకా ఆ తేడా మీ జేబులోంచే. ఎన్ని నెలలు భరించగలరో ముందే రాసి పెట్టుకోండి. చాలా కంపెనీలు ఈ దశలోనే గిన్నెల సబ్బునో బ్లీచింగునో అదే సంచిలో కలుపుతాయి. మనిషి ఖర్చు రెండు సరుకులు మోస్తాయి.

నెలాఖరున టార్గెట్ కోసం డిస్ట్రిబ్యూటరు గోడౌనులో సరుకు కుక్కడం ఈ రంగంలో పాత జబ్బు. మీ పుస్తకంలో అది అమ్మకం, ఊళ్లో కాదు. కొట్లకు వెళ్లిన సరుకునే అమ్మకంగా రాసుకోండి.

ఏడో మెట్టు: మొదటి ఉతుకు చేయించడం

ప్రచారానికి ప్యాకెట్టుకు 50 పైసలు పెట్టుకున్నాం. ఒక ఊళ్లో నెలకు 6,250 రూపాయలు. ఈ డబ్బుతో టీవీ అడగడం అనవసరం. మొదట్లో దీనికి పెట్టుబడి నుంచి కొంత కలిపి నమూనాలకే పెట్టండి. 20 గ్రాముల నమూనాలో పొడి విలువ 76 పైసలు. ఒక బకెట్ బట్టలకు సరిపోతుంది.

నమూనాను కొట్టులో పెట్టి పంచమంటే కొట్టాయన వాటినీ అమ్మేస్తాడు. ఇంటింటికీ ఆడవాళ్లే వెళ్లాలి, ఉదయం నీళ్లొచ్చే వేళకు. కేరళలో ఉజాలా 1983లో పుట్టినప్పుడు అమ్మింది ఇంటింటికీ తిరిగిన ఆడవాళ్లే. హిందుస్థాన్ లీవర్ 2000ల మొదట్లో స్వయం సహాయక సంఘాల మహిళలతో పల్లెల్లో అమ్మే "శక్తి" పథకాన్ని మొదలుపెట్టిన చోటు మన నల్గొండ జిల్లా. అలా వెళ్లినావిడ ఉపన్యాసం ఇవ్వకూడదు. ఆ ఇంటి బోరు నీళ్లు, ఆ ఇంటి బడి చొక్కా కాలరు, కొలత చెంచా. ఎంత వేయాలో చూపించకపోతే గుప్పెడు వేస్తారు, ప్యాకెట్టు మూడు రోజుల్లో అయిపోతుంది, "ఇది ఆవిరైపోతోందమ్మా" అంటారు. ఆ వీధి కొట్టులో సరుకు పడ్డాకే ఆ వీధిలో నమూనా పంచాలి. సరుకు లేని వీధిలో నమూనా పంచితే పక్క కంపెనీకి పని చేసిపెట్టినట్టే.

తరవాతి ఎత్తుకు కడలూరు సి.కె. రంగనాథన్ దారి ఇప్పటికీ పనికొస్తుంది. చిక్ షాంపూకు ఆయన ఏ కంపెనీవైనా అయిదు ఖాళీ సాషేలు తెస్తే ఒక చిక్ సాషే ఉచితం అన్నారు. కొన్నాళ్లకు చిక్ ఖాళీలకే ఇస్తామని మార్చారు. మొదటిది వాడించడానికి, రెండోది మళ్లీ కొనిపించడానికి. బట్టల పొడికి ఇదే చేసేటప్పుడు ఖాళీ కవర్లను అక్కడికక్కడే కత్తిరించేయాలి, లేకపోతే అవే కవర్లు రెండుసార్లు తిరిగొస్తాయి.

గోడ రాతలు, ఆటోల వెనక బొమ్మలు, లోకల్ కేబుల్, యూట్యూబు, వీటిలో ఏది చేసినా మొదటి మెట్టులో రాసుకున్న వాక్యమే చెప్పాలి. గుంటూరు ట్రిపుల్ ఎక్స్ సబ్బును ఒక తరం మొత్తం "సంస్కారవంతమైన సోప్" అన్న మాటతో గుర్తుపెట్టుకుంది. ఆ మాటలో మురికి ఊసే లేదు, అయినా ఇంకెవరూ వాడని మాట, ఏళ్ల తరబడి మార్చని మాట. ఏడాదికో నినాదం మార్చే కంపెనీకి ఆ యోగం పట్టదు. "99.9 శాతం క్రిములు పోతాయి", "నంబర్ వన్" లాంటివి ల్యాబు రిపోర్టో, లెక్కో చేతిలో లేకుండా రాయకండి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల చట్టం కింద మొదటిసారికే 10 లక్షల దాకా జరిమానా ఉంది. పక్క కంపెనీ ప్యాకెట్టు చూపించి తీసిపారేస్తే కోర్టు నోటీసు.

ఎనిమిదో మెట్టు: స్కీము, హోల్‌సేలు

డజనుకు ఒకటి ఉచితం అన్నది కొత్తకొట్లలో సరుకు పెట్టించడానికి మంచి పనిముట్టు. దానికి ముగింపు తేదీ లేకపోతే అదే ధరైపోతుంది. స్కీము ఆపిన వారం ఆర్డరు రాదు, మళ్లీ పెడతారు, ఈసారి 12కి 2. ఇంకో ఊబి హోల్‌సేలు. అమ్మకం పెంచుకోవాలని బేగంబజారు లేదా బెజవాడ వన్‌టౌన్ వ్యాపారికి పెద్ద స్కీముతో వంద సంచులు ఇస్తారు. ఆయన ఉచిత ప్యాకెట్లను ధరలో సర్దేసి 8.70 సరుకును 8.30కి వదులుతాడు. అది మీరు కష్టపడి లైను (సేల్స్‌మన్ వారంవారం కొట్లు తిరిగే దారి) నడుపుతున్న ఊరికి చేరుతుంది. మంగళవారం మీ సేల్స్‌మన్ వెళ్తే కొట్టాయన "మీ కంటే బజార్లో చవకగా ఉంది" అంటాడు. రెండు నెలల్లో డిస్ట్రిబ్యూటరు తప్పుకుంటాడు. హోల్‌సేలుకు ఇవ్వాలంటే లైను స్కీముకన్నా మెరుగైంది ఇవ్వకండి, ప్రతి ప్రాంతానికీ బ్యాచ్ నంబర్లో ఒక గుర్తు పెట్టండి. సరుకు ఎక్కడ నుంచి కారుతోందో దాంతోనే తెలుస్తుంది.

సూపర్‌మార్కెట్లు, ఆన్‌లైను అమ్మకాలు పది రూపాయల ప్యాకెట్టుకు అక్కరకు రావు. కిలో, అయిదు కిలోల ప్యాకెట్లతో తరవాత వెళ్లొచ్చు. అర అద్దె, వాపసులు, ఆలస్యపు చెల్లింపులు లెక్కలో వేసుకోండి. ఉద్యమ్ ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారుకు కొన్నవాళ్లు 45 రోజుల్లోపు చెల్లించాలన్న చట్టం ఉంది, బిల్లు మీద ఉద్యమ్ నంబరు అచ్చు వేయించండి.

తొమ్మిదో మెట్టు: ఏ అంకె చూడాలి

మొదటి నెల అమ్మకాల మొత్తం చూసి ఏ నిర్ణయమూ తీసుకోకండి, అది కొట్ల అరలు నింపిన అంకె. చూడాల్సింది తిరుగు ఆర్డరు. సరుకు పెట్టిన 100 కొట్లలో నాలుగు వారాల్లోపు స్కీము లేకుండా మళ్లీ అడిగినవి 40 దాటితే పక్క ఊరు మొదలుపెట్టొచ్చు. 20కీ 40కీ మధ్య ఉంటే ఇంకో నెల అదే ఊళ్లో ఉండి నమూనాల వీధులు పెంచండి. 20 లోపైతే సేల్స్‌మన్‌ను తిట్టకుండా అడగని కొట్లలో ఒక పదింటికి మీరే వెళ్లి నిలబడండి. ప్యాకెట్లు అరలోనే ఉంటే జనానికి తెలియలేదు. అమ్ముడై కూడా మళ్లీ అడగలేదంటే లోపం పొడిలోనో ధరలోనో ఉంది. ప్యాకెట్లు వెనక వరసలో పంచదార బస్తా చాటున ఉంటే కొట్టాయనతో మాట్లాడాల్సిన పని అది.

కాస్త నడిచిందనగానే ఒక్క అక్షరం తేడాతో, అదే రంగు కవరులో నకలు దిగుతుంది. ముందు పసిగట్టేది డిస్ట్రిబ్యూటరు కుర్రాడే, చెప్పిన కుర్రాడికి అక్కడికక్కడే ఏదైనా ముట్టజెప్పండి. రిజిస్టరైన ట్రేడ్‌మార్కు ఉంటే పోలీసు ఫిర్యాదుకూ కోర్టు ఉత్తర్వుకూ దారి ఉంది, దరఖాస్తు మాత్రమే ఉంటే ఎప్పటి నుంచి ఎంత అమ్ముతున్నారో చూపే బిల్లులు కావాలి. ప్రతి బ్యాచ్ నుంచి మూడు ప్యాకెట్లు తీసి, తేదీ రాసి, ఏడాదిపాటు ఒక పొడి గదిలో దాచండి. "మీ పొడితో చేతులు పొక్కాయి" అని ఎవరైనా ప్యాకెట్టు పట్టుకొచ్చిన రోజు, అది మీదో నకలో, మీదే అయితే ఆ రోజు ఉండలు కట్టిన బ్యాచో కాదో, ఆ గదిలో ప్యాకెట్టు కత్తిరించి చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది.